కోర్ ఛార్జి, రీమాన్యుఫాక్చర్డ్ పార్టులు: కొనడం మొదలు డిపాజిట్ చేతికొచ్చే దాకా

కారు పార్ట్ కొన్నప్పుడు బిల్లులో అసలు ధర కింద ‘కోర్ ఛార్జి’ అంటూ ఇంకో మొత్తం కనిపిస్తుంది. అది పన్నా, తిరిగి వస్తుందా, పాత పార్ట్ ఎప్పుడివ్వాలి, రీమాన్ (రీమాన్యుఫాక్చర్డ్, అంటే పాతదాన్ని ఫ్యాక్టరీలో విప్పి బాగుచేసిన) పార్ట్ నమ్మొచ్చా అని అడిగేవాళ్లు ఆగడం లేదు. అందుకే పని ఏ వరుసలో చేయాలో ఆ వరుసలోనే రాస్తున్నాను.

ముందే ఒక మాట. కొత్త పార్ట్ ఎంచుకోవడానికి పది చోట్ల విచారించేవాళ్లు కూడా ఊడదీసిన పాత పార్ట్‌ను ఏ మూలో పడేస్తారు. కోర్ ఛార్జిగా కట్టిన మీ డిపాజిట్ ఉన్నది అందులోనే. వచ్చిన పార్ట్ సరైనదో కాదో తేల్చే కొలత కూడా అదే. డబ్బు చేతికొచ్చే దాకా దాన్ని జాగ్రత్తగా ఉంచడమే ఈ పనిలో సగం.

## 1. కోర్ ఛార్జి అంటే

కోర్ అంటే మీ బండి నుంచి తీసిన పాత పార్ట్. దాన్ని ఫ్యాక్టరీలో విప్పి, అరిగినవి మార్చి మళ్లీ అమ్మకానికి పెడతారు. ఆ ముడిసరుకు వెనక్కి రావాలి కాబట్టి అమ్మేటప్పుడే కొంత డిపాజిట్ పట్టుకుంటారు. ఖాళీ సీసా ఇస్తే డబ్బు వాపసు ఇచ్చే పద్ధతే ఇదీ.

కోర్ ఛార్జి ఎక్కువగా కనిపించే పార్టులు:

- మెకానిక్‌లు డైనమో అనే ఆల్టర్నేటర్, సెల్ఫ్ అనే స్టార్టర్ మోటార్
- బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం), బ్రేక్ బూస్టర్
- స్టీరింగ్ ర్యాక్, పవర్ స్టీరింగ్ పంపు
- ఏసీ కంప్రెసర్
- సీవీ యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే ఇరుసు)
- టర్బో, డీజిల్ ఇంజెక్టర్లు, ఇంజెక్షన్ పంపు
- ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే) మాడ్యూల్, ఇంజిన్ కంప్యూటర్
- గేర్‌బాక్స్, పూర్తి ఇంజిన్

బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, బెల్టుల వంటి అరిగి పారేసే సామానుకు ఇది సాధారణంగా ఉండదు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఉంటుంది గానీ, ఆ బ్యాటరీని బాగుచేసి అమ్మరు. కరిగించి అందులోని సీసం తీసుకుంటారు. కాబట్టి బ్యాటరీ కోర్ పనిచేయాల్సిన అవసరమే లేదు. పగలకుండా, ఆమ్లం కారకుండా ఉంటే చాలు.

## 2. కొనే ముందు లోపం తేల్చుకోండి

ఎలక్ట్రికల్ పార్టులు ఒకసారి బిగించాక చాలా షాపులు వెనక్కి తీసుకోవు. తప్పు పార్ట్ మారిస్తే డబ్బు పోతుంది, పాతది అప్పటికే కోర్‌గా వెళ్లిపోతే మంచి పార్ట్ కూడా పోతుంది.

ఎక్కువగా అనవసరంగా మార్చేది ఆల్టర్నేటర్‌నే కాబట్టి దాన్నే చూద్దాం. కావలసింది ఒక మల్టీమీటర్.

- బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ మీద కొలవండి. నిండా ఛార్జయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది.
- ఇంజిన్ ఆన్ చేసి మళ్లీ కొలవండి. చాలా బండ్లలో 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కంప్యూటర్ ఛార్జింగ్‌ను నియంత్రించే కొత్త బండ్లలో కాసేపు ఇంతకంటే తగ్గినా అది లోపం కాకపోవచ్చు.
- తక్కువ చూపిస్తే వెంటనే పార్ట్ కొనకండి. ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, మీటర్ ఎర్ర తీగను ఆల్టర్నేటర్ వెనకున్న లావుపాటి అవుట్‌పుట్ బోల్టుకు, నల్ల తీగను బ్యాటరీ ప్లస్‌కు పెట్టండి. బెల్టు, ఫ్యాన్లు తిరుగుతుంటాయి. చేతులు, చొక్కా అంచులు జాగ్రత్త. మీటరు 0.3 వోల్టు దాటిందంటే నష్టం దారిలో జరుగుతోంది: కేబులో, ఫ్యూజో, పచ్చగా చిలుము పట్టిన టెర్మినలో.
- ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కు మధ్య కూడా ఇలాగే చూడండి. అక్కడ తేడా ఉంటే ఎర్తింగ్ సమస్య.

చిలుము గీకి టెర్మినల్ బిగిస్తే బాగయ్యే బండికి రీమాన్ ఆల్టర్నేటర్ వేస్తే, కొత్తదీ అదే లోపం చూపిస్తుంది. అప్పుడు ‘రీమాన్ సరుకే అంత’ అని నింద పడుతుంది.

## 3. డబ్బా మీద రాసిన మాటకు అర్థం చూడండి

రీమాన్యుఫాక్చర్డ్: పార్ట్ మొత్తం విప్పి, కడిగి, ప్రతి ముక్కా కొలిచి, అరిగే భాగాలన్నీ మార్చి, తిరిగి కూర్చి, పరీక్షించినది. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8887-2 ప్రకారం ఈ పేరు పెట్టాలంటే పనితీరు కనీసం కొత్తదానితో సమానంగా ఉండాలి, వారంటీ కూడా కొత్తదానికి తగ్గకూడదు.

రీబిల్ట్: చెడినవి మాత్రమే మార్చినది. మిగతావి పాతవే.

రీఫర్బిష్డ్: శుభ్రం చేసి, పనిచేస్తోందని చూసినది. లోపల ఏం మార్చారన్న హామీ ఉండకపోవచ్చు.

సెకండ్‌హ్యాండ్: తుక్కుకి వెళ్లిన బండి నుంచి తీసినది.

అమ్మేవాళ్లు ఈ మాటలను ఇష్టమొచ్చినట్టు వాడతారు. అందుకే పేరు పక్కన పెట్టి, లోపల ఏం మార్చారని అడగండి. ఆల్టర్నేటర్ అయితే బేరింగులు, బ్రష్షులు, రెగ్యులేటర్ కొత్తవేనా? కాలిపర్ అయితే సీళ్లు, డస్ట్ బూట్, బ్లీడర్ స్క్రూ (బ్రేక్ నూనెలోని గాలిని బయటికి వదిలేది) కొత్తవేనా, పిస్టన్ మార్చారా? జవాబు స్పష్టంగా రాకపోతే దాన్ని రీబిల్ట్ కింద లెక్కేసుకుని, ఆ ధరే ఇవ్వండి.

నా అభిప్రాయం అడిగితే, కాలిపర్‌కు రీమాన్ మంచి బేరం. దిమ్మ గట్టిది, అరిగేవి తక్కువ. ఆల్టర్నేటర్, స్టార్టర్ పేరున్న తయారీదారువైతే నిశ్చింతగా కొనొచ్చు. సీవీ యాక్సిల్ దగ్గర మాత్రం నేను వెనకాడతాను. లోపలి అరిగిన దారులను మళ్లీ సానబట్టి వాడే పని అది, అందరూ ఒకేలా చేయరు. మీ బండి అసలు యాక్సిల్‌కు బూట్ (జాయింట్ మీది రబ్బరు తొడుగు) మాత్రమే చినిగి, జాయింట్ ఇంకా శబ్దం చేయకపోతే, బూట్ మార్చి గ్రీజు పెట్టించడం మేలు.

ఇంజిన్ కంప్యూటర్ లాంటివైతే మీ దాన్నే రిపేరుకు పంపి తిరిగి తెప్పించుకునే వీలుందేమో ముందు కనుక్కోండి. బండి కోడింగ్ అందులోనే ఉంటుంది కాబట్టి మళ్లీ ప్రోగ్రామింగ్ బెడద చాలావరకు తప్పుతుంది. కోర్ గొడవ కూడా ఉండదు.

## 4. నికర ధర లెక్కించండి

చెప్పిన ధర చూసి మోసపోకండి. ఈ లెక్క వేయండి:

పార్ట్ ధర + కోర్ ఛార్జి + తెప్పించుకునే ఖర్చు + కోర్ తిప్పి పంపే ఖర్చు − వాపసొచ్చే కోర్ మొత్తం

ఒక అమ్మకందారు దగ్గర రీమాన్ స్టీరింగ్ ర్యాక్ 100, కోర్ 60 అనుకోండి. ఇంకోచోట కోర్ లేకుండా కొత్తది 120. మొదటిది చవకే అనిపిస్తుంది. ర్యాక్ పొడుగు, బరువు. తిప్పి పంపడానికి 25 అయితే అది 125కి చేరింది. కోర్ తిరస్కరిస్తే 185. బరువైన పార్టులు దగ్గర్లోని షాపు కౌంటర్‌లో కొనమనేది ఇందుకే.

కొనే ముందే అడిగి, జవాబులు రాతలో ఉంచుకోవాల్సినవి:

- కోర్ ఎన్ని రోజుల్లో ఇవ్వాలి? లెక్క కొన్న తేదీ నుంచా, పార్ట్ అందిన తేదీ నుంచా?
- వాపసు మొత్తమా, పార్ట్ పరిస్థితిని బట్టి కోత ఉంటుందా?
- పంపే ఖర్చు ఎవరిది?
- కొత్త పార్ట్ వచ్చిన డబ్బాలోనే పెట్టాలా?
- పగుళ్లు, కాలిన గుర్తులు, తుప్పు ఉంటే తీసుకుంటారా?
- వారంటీలో పార్ట్ మార్చేటప్పుడు మళ్లీ కోర్ ఛార్జి కట్టాలా?

కోర్ ఛార్జి పార్ట్ ధరకు దగ్గరగానో, అంతకు మించో ఉంటే పాతదాన్ని ముందే పరిశీలించండి. అలాంటి కోర్లు దొరకడం కష్టమని దాని అర్థం, కాబట్టి తనిఖీ కూడా గట్టిగానే ఉంటుంది. కనెక్టింగ్ రాడ్ తన్ని బ్లాకుకు చిల్లు పడిన ఇంజిన్‌కు పూర్తి కోర్ వస్తుందని ఆశ పెట్టుకోకండి.

## 5. సరైన పార్ట్ నంబరు పట్టుకోండి

కోర్‌కు ప్రధాన నియమం: ఏది కొన్నారో అదే రకం పాతది ఇవ్వాలి. అందుకే నంబరు తప్పితే రెండు వైపులా ఇబ్బంది.

బండి వీఐఎన్ (ఆ బండికి మాత్రమే ఉండే గుర్తింపు) నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు రావు. గుండ్రంగా కనిపిస్తే అది సున్నా, నిలువు గీతగా కనిపిస్తే ఒకటి. ఫోన్‌లో చదివి చెప్పేటప్పుడు జరిగే పొరపాట్లు చాలావరకు దీంతోనే పోతాయి.

వీఐఎన్‌తో పాటు పాత పార్ట్ మీది నంబరు కూడా చూడండి. ఒకే మోడల్, ఒకే సంవత్సరం బండ్లలోనూ రెండు మూడు రకాలు ఉంటాయి:

- ఆల్టర్నేటర్: యాంపియర్లు, ప్లగ్‌లో పిన్నులు, పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) గాడులు
- స్టార్టర్: పళ్ల సంఖ్య, బోల్టు రంధ్రాల వరస
- కాలిపర్: ఎడమా కుడా, పిస్టన్ వ్యాసం, బ్రాకెట్‌తోనా లేకుండానా
- యాక్సిల్: పొడవు, పళ్లు, ఏబీఎస్ రింగ్ ఉందా లేదా

## 6. డబ్బా జాగ్రత్త, పార్ట్ పక్కన పార్ట్ పెట్టి చూడండి

డబ్బాను పక్కనుంచి చించకుండా పైనుంచి విప్పండి. లోపలి ప్లాస్టిక్ మూతలు, ప్లగ్గులు, నురుగు ముక్కలు, కోర్ రిటర్న్ చీటీ అన్నీ అందులోనే వేసి పక్కన పెట్టండి. పాతది వెళ్లేది అందులోనే.

పాత పార్ట్ తీశాక, బిగించే ముందే రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టండి. చూడాల్సినవి ఇవి:

- బోల్టు రంధ్రాలు, వాటి మధ్య దూరం
- కనెక్టర్ ఆకారం, దిశ
- పుల్లీ ఒకే వరసలో కూర్చుంటుందా
- చేతితో తిప్పితే గరగర ఉందా
- పాతదాని మీద ఉండి కొత్తదాని మీద లేని బ్రాకెట్, సెన్సర్, పుల్లీ ఏమైనా ఉన్నాయా

చివరిది ముఖ్యం. రీమాన్ ఆల్టర్నేటర్ పుల్లీ లేకుండా వస్తే పాతది విప్పి వేసుకోవాల్సిందే. పుల్లీ లేని కోర్ తీసుకుంటారా అని అప్పుడే అడగండి. కొత్తది పుల్లీతో వచ్చి, పాతదాని పుల్లీ మీరు ఉంచేసుకుంటే మాత్రం అది అసంపూర్ణ కోర్ కిందికి వస్తుంది.

## 7. బిగించేటప్పుడు పార్ట్‌ను బట్టి తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆల్టర్నేటర్. ముందుగా బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. డిశ్చార్జ్ అయిన బ్యాటరీని ఛార్జర్‌తో నింపాకే బండి స్టార్ట్ చేయండి. చచ్చిన బ్యాటరీని నింపే భారమంతా కొత్త ఆల్టర్నేటర్ మీద వేస్తే అది మొదటిరోజే వేడెక్కి దెబ్బతినొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి పరీక్షించే పాత అలవాటు ఉంటే మానేయండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి కంప్యూటర్లను కాల్చగలదు.

కాలిపర్. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, ఎన్నోసార్లు జరుగుతుంది: ఎడమది కుడికి, కుడిది ఎడమకు. చాలా బండ్లలో రెండూ ఎటైనా బిగుస్తాయి కాబట్టి పట్టుబడదు. గాలి పైకి చేరుతుంది, కాబట్టి బ్లీడర్ స్క్రూ పైభాగంలో ఉండాలి. అది కింద ఉంటే ఎంతసేపు బ్లీడింగ్ చేసినా గాలి బయటికి పోదు, పెడల్ స్పాంజిలా మెత్తగానే ఉంటుంది. పెడల్ గట్టిపడకపోతే కొత్త మాస్టర్ సిలిండర్ కొనకముందు వంగి ఆ స్క్రూ ఎక్కడుందో చూడండి.

హోస్ బోల్టు దగ్గర రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వాడాలి. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండికి వెనక కాలిపర్ విప్పే ముందు సర్వీస్ మోడ్‌లో (బ్రేక్ మోటారును వెనక్కి వదిలే అమరిక) పెట్టాలి.

ఏసీ కంప్రెసర్. వారంటీ ఎక్కువగా చెల్లకుండా పోయేది దీనికే. గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా రికవరీ మెషీన్ ఉన్నచోట తీయించండి. పాత కంప్రెసర్ నూనెను కొలపాత్రలోకి ఒంపి ఎంత వచ్చిందో రాసుకోండి. కొత్తదాంట్లో నూనె ముందే నింపి వచ్చిందా, ఎంత ఉంచాలన్నది దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది, అది చదవకుండా పొయ్యకండి.

ఒంపిన నూనెలో వెండిపొడి లాంటి మెరుపులు, నల్లటి మడ్డి కనిపిస్తే పాత కంప్రెసర్ లోపల అరిగి ముక్కలైందన్నమాట. అప్పుడు పైపులు ఫ్లష్ చేయాలి, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చాలి. సన్నని గొట్టాల కండెన్సర్‌ను ఫ్లష్ చేసినా పూర్తిగా శుభ్రపడదు, మార్చడమే మేలు. వీటి బిల్లులు దాచండి. వారంటీ క్లెయిమ్‌లో వాటిని అడుగుతారు. బిగించాక హబ్‌ను చేత్తో పది చుట్లు తిప్పండి, లోపల నిలిచిన నూనె కదులుతుంది.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల కంప్రెసర్ జోలికి సొంతంగా పోవద్దు. నారింజ రంగు తీగల్లో ఉండేది ప్రాణాంతకమైన వోల్టేజి. వాటి నూనె కూడా వేరు.

స్టీరింగ్ ర్యాక్. స్టీరింగ్ చక్రాన్ని నిటారుగా ఉంచి కదలకుండా కట్టేయండి. అది గిర్రున తిరిగితే ఎయిర్‌బ్యాగ్ తీగలున్న క్లాక్ స్ప్రింగ్ తెగుతుంది. పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

టర్బో. పాతది ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది వేయకండి. నూనె వచ్చే సన్న పైపు మూసుకుపోయి ఉంటే కొత్తది కూడా పోతుంది. ఆ పైపు, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చండి. స్టార్ట్ చేసే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన నూనె పోయండి.

## 8. కోర్‌ను సిద్ధం చేయండి

లోపల ఏముందో చూద్దామని విప్పొద్దు. విప్పిన పార్ట్‌ను కోర్‌గా తీసుకోకపోవచ్చు. రంగు వేయక్కర్లేదు, మెరిపించక్కర్లేదు. తీసేటప్పుడు సుత్తితో బాది బోల్టు చెవులు విరగ్గొట్టకుండా ఉంటే అదే గొప్ప.

- నూనె, బ్రేక్ ఫ్లూయిడ్, గేర్ ఆయిల్ పూర్తిగా ఒంపారా?
- కొత్తదాని మూతలు పాతదాని రంధ్రాలకు పెట్టారా?
- కొత్తది ఏయే ముక్కలతో వచ్చిందో పాతదీ వాటితోనే ఉందా? కాలిపర్ బ్రాకెట్ తరచూ మర్చిపోతుంటారు
- దళసరి ప్లాస్టిక్ సంచిలో కట్టి అదే డబ్బాలో పెట్టారా?
- నాలుగు వైపులా, పార్ట్ నంబరు కనిపించేలా ఫొటోలు తీశారా?
- బిల్లు నకలు లోపల, అసలు మీ దగ్గర ఉన్నాయా?

కొరియర్‌లో పంపేటప్పుడు నూనె కారితే పార్సిల్ మధ్యలోనే ఆగిపోతుంది. ఒంపాక ఒక రాత్రి తలకిందులుగా ఉంచితే ఇంకాస్త కారుతుంది.

## 9. సరైన సమయంలో ఇవ్వండి

కొత్త పార్ట్ పనిచేస్తోందని తేలే దాకా కోర్ ఇవ్వకండి. కొత్తది చెడ్డదని తేలినా, తప్పు నంబరు వచ్చినా, పాతది చేతిలో ఉంటే పోల్చి చూపించొచ్చు. ఆల్టర్నేటర్‌కు మళ్లీ వోల్టేజి కొలవండి, బ్రేకులకు పెడల్ చూసి ఖాళీ చోట నెమ్మదిగా నడపండి, లీకులు చూడండి. కొన్ని రోజుల మామూలు వాడకం చాలు.

అలాగని నెలల తరబడి దాచనూ వద్దు. పార్ట్ కొన్నరోజే గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టండి. కౌంటర్‌లో ఇస్తే రసీదు, పంపితే ట్రాకింగ్ నంబరు తీసుకోండి. కార్డుతో కొన్నవారికి వాపసు సాధారణంగా అదే కార్డుకు వస్తుంది.

## 10. మెకానిక్ పార్ట్ తెస్తే

పని మొదలయ్యే ముందే అడగండి: కోర్ ఛార్జి మీ బిల్లులో ఉందా, అప్పటికే మినహాయించారా? గ్యారేజీ పాతది తిప్పి ఇస్తుంది కాబట్టి చాలాచోట్ల మీకు కోర్ కనిపించదు, అది సరైనదే. బిల్లులో కోర్ వసూలు చేసి, పాత పార్ట్ కూడా వాళ్లే ఉంచుకుంటే మాత్రం ఆ డబ్బు మీదే, అడగండి.

పాతదాన్ని మీరే ఉంచుకోవాలనుకుంటే కోర్ ఛార్జి మీ మీద పడుతుంది. పాతకాలపు కారైతే నేను ఆ ఖర్చు భరించమనే చెబుతాను. బండితో పాటు వచ్చిన అసలు పార్ట్‌ను మంచి ఎలక్ట్రీషియన్ దగ్గర బాగుచేయించి దాచుకోవచ్చు. ఇచ్చేశాక అదే పార్ట్ మళ్లీ దొరకదు.

## 11. చిక్కులొస్తే

‘తప్పు కోర్’ అని తిరస్కరించారు. మీ ఫొటోలోని నంబరు చూపించండి. అంతకుముందు ఎవరో వేరే రకం పార్ట్ వేసి ఉంటే మీ పాతది నిజంగానే సరిపోకపోవచ్చు. దాన్ని సెక్షన్ 6లోని పోలికలోనే పట్టుకోవాలి.

సగమే ఇచ్చారు. ఏ నిబంధన ప్రకారమో, కోత ఎందుకో రాతలో అడగండి. పార్ట్ వెనక్కి పంపమనే వీలుందో కూడా కనుక్కోండి. వాళ్లిచ్చే సగం కన్నా తుక్కు ధర ఎక్కువైతే వెనక్కి తీసుకోవడమే లాభం.

గడువు దాటింది. ఒకసారి అడిగి చూడండి, కొందరు ఒప్పుకుంటారు. కాకపోతే పాత పార్టులు కొనే రీబిల్డర్‌కు అమ్మండి.

కొత్తది వారంటీలోనే పోయింది. చాలాచోట్ల వారంటీ పార్ట్‌కే, కూలికి కాదు. చెడిన రీమాన్ పార్ట్‌నే ఈసారి కోర్‌గా తీసుకుంటారు, దాన్ని కూడా విప్పకూడదు. కేసు మీద పెయింట్ చుక్కో సీలో ఉంటే అది చెదిరిందా అని చూస్తారు. అదే పార్ట్ వెంటవెంటనే రెండోసారీ పోతే మూడోది తెచ్చుకోకుండా సెక్షన్ 2కి వెళ్లి తీగలు, ఎర్తింగ్, నూనె దారులు మళ్లీ చూడండి.